మూడో గంట

"ముందు గదిలో బల్బు మార్చండి. మసకగా వెలుగుతోంది," అంది వినీల గుమ్మంలో నిలబడి.

జయపాల్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. భార్య ఇంకేదో అంటుందని ఊపిరి బిగబట్టాడు. ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, చీపురు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

హమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే సిగ్గేసింది.

నిన్న, ఇద్దరూ వెళ్ళిన శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు ఆ సంగతి చెప్పినప్పటి నుంచి అతనికి ఇదే వరస. కంకిపాడు చర్చిలో ముప్పై ఏళ్ళు గంట కొట్టిన ఇశ్రాయేలుకు షుగరు ముదిరి పాదం తీసేశారు. భార్య పోయింది, పిల్లల్లేరు, ఉండే అద్దె గది మేడ మీద. పుండు మానేదాకా మూడు నెలలపాటు రోజు విడిచి రోజు బెజవాడ ఆసుపత్రిలో కట్టు మార్పించుకోవాలి. అశ్రద్ధ చేస్తే మోకాలి దాకా పోతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

"కింద గది ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంచుకుంటే బాగుంటుంది," అన్నారు పాస్టరుగారు. "ఆదివారం ఆరాధన మొదలుపెట్టే మూడో గంట కొట్టేలోపు నాకు చెప్పండి. లేకపోతే హనుమాన్ జంక్షన్ అవతల ఆశ్రమానికి పంపించేస్తాం. అక్కడ అన్నం పెడతారు గానీ, ఆసుపత్రికి తిప్పే మనుషులు లేరు."

కింద ఖాళీగా ఉన్న ముందు గది, దానికి ఆనుకుని బాత్‌రూమ్, వాకిట్లో కారు. సంఘంలో ఇవన్నీ ఉన్నది జయపాల్‌కే. చాపల మీద కూర్చున్న అందరికీ ఆ సంగతి తెలుసు. ఒక్కరూ అతని వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి రాగానే తలుపు వేసుకుని మోకరించాడు. ఇరిగేషన్ ఆఫీసులో పాతికేళ్ళు ఫైళ్ళు నడిపిన మనిషి. ఏ ఫైలు మీదా ముందు సంతకం తను పెట్టి ఎరగడు. దేవుడి దగ్గరా అదే పద్ధతి. "ప్రభువా, ఇది నీ చిత్తమైతే మూడో గంటలోపు వినీల తనంతట తాను ఆ పేరు ఎత్తాలి. నేను మాత్రం ఎత్తను," అని ఒక గుర్తు, ఒక సూచన అడిగాడు. అందులో కాస్త తెలివి లేకపోలేదు. గచ్చు మీద తడికాలు పెడితేనే ఊరుకోని మనిషి, పుండు కాలివాణ్ణి ఇంట్లోకి తెమ్మంటుందా? ఆ తెలివి దేవుడికీ కనబడుతుందని అతనికి తట్టలేదు.

శనివారం ఒక పట్టాన గడవలేదు. వినీల ముందు గదిలో దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేసింది. ఉయ్యూరు నుంచి తన తమ్ముడు జాన్ పాల్ వస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. సాయంత్రం బజారు నుంచి చేతుల కుర్చీ ఒకటి, ప్లాస్టిక్‌ది, కొనుక్కొచ్చింది. అడిగితే బాత్‌రూమ్‌లోకి అంది. ఆమె మోకాళ్ళ నొప్పులకి మంచిదేలే అనుకున్నాడు.

అన్నాల దగ్గర వినీల చారు వడ్డిస్తూ గరిటె ఆపింది.

"ఏమైనా చెప్పాలా మీరు?"

"లేదే. నువ్వేమైనా చెప్పాలా?"

"ఏం లేదండీ," అని చారు పోసింది. ఆ పూట ఇద్దరూ సరిగ్గా తినలేదు.

ఆదివారం మొదటి గంట తడబడుతూ మోగింది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి నీరసంగా.

"ఎవరు కొడుతున్నారో గానీ చెయ్యి తిరగడం లేదు," అంది వినీల, కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

చొక్కా గుండీ దగ్గర జయపాల్ వేళ్ళు ఆగిపోయాయి. "అలవాటున్నవాళ్ళు కొడితే వేరు," అన్నాడు.

"అవును. వేరు."

అంతే.

చర్చి మెట్ల పక్కన గంట స్తంభం నీడలో ఇశ్రాయేలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాలికి తెల్ల తువ్వాలు, కుర్చీ కింద చిన్న సంచి. గేటు దగ్గర ఆశ్రమానికి వెళ్ళే వ్యాను. "వందనాలండీ," అని ఇద్దరికీ చేతులు జోడించాడు. నవ్వు ఎప్పటిలాగే ఉంది. కొత్త మనిషి రెండో గంట కొడుతుంటే ఇశ్రాయేలు కుడిచెయ్యి తాడు లాగుతున్నట్టు ఒళ్ళో తనంతట తానే కదిలింది.

అది చూసి జయపాల్‌కు మళ్ళీ అటు చూడబుద్ధి కాలేదు. అడగకూడని సూచన అడిగాననిపించింది. ఇప్పుడైనా అను వినీలా, ఒక్క మాట అను, అని లోపల వేడుకున్నాడు. ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. కళ్ళు మాత్రం అతని మీదే ఉన్నాయి. పాస్టరుగారు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నారు.

మూడో గంట మోగింది.

దేవుని చిత్తం కాదు కాబోలు, అనుకున్నాడు జయపాల్. ఆరాధన అయ్యేసరికి వ్యాను వెళ్ళిపోయింది. తర్వాత రోజుల్లో ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఐదో వారం ప్రకటనల్లో పాస్టరుగారు, ఇశ్రాయేలుకు కాలు మోకాలి దాకా తీసేశారని, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని చెప్పారు.

ఇంటికొచ్చాక జయపాల్ ముఖం కడుక్కోవడానికి ముందు గది బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. ప్లాస్టిక్ కుర్చీ కొన్నది కొన్నట్టే ఉంది. షాపు లేబులైనా ఊడలేదు. దాని మీద ఎవరూ ఒక్కరోజు కూడా కూర్చోలేదు. అలాగే నిలబడిపోయాడు. వెనక అలికిడైంది. వినీల గుమ్మంలో ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

ఇక దాచుకోలేకపోయాడు. "తప్పు నాదే వినీలా. మూడో గంటలోపు నీ నోటి నుంచి ఇశ్రాయేలు పేరు వస్తే అదే దేవుని చిత్తమనుకుంటానని సూచన అడిగాను. నీ నోటి నుంచి రాలేదు."

వినీల ఆ కుర్చీ దగ్గరకొచ్చి లేబులు మీద వేలు పెట్టింది.

"నేనూ అదే అడిగానండీ, మీ నోటి నుంచి రావాలని."