తేనెటీగలకు చెప్పిన పేరు

"తేనెపెట్టె తట్టవే. చావు కబురు తేనెటీగలకు మనమే చెప్పాలి," అంది వాల్‌బుర్గా కోడలితో. కొడుకు లోరెంజ్‌ను పూడ్చిపెట్టి అప్పుడే వచ్చారు.

హెన్రికె తట్టింది. "మీ యజమాని పోయాడు."

"కొత్త యజమాని పేరూ చెప్పాలి. లేకపోతే పెట్టె వదిలి ఎగిరిపోతాయి. మా ఇంటిపేరు త్సైడ్లర్ అంటేనే అడవి తేనె తీసేవాళ్ళు అని. ఈ లోయలో నా తర్వాత ఆ ఇంటిపేరుకి దిక్కెవరు? నువ్వేమో పెళ్ళయినా పుట్టింటి పేరు వదల్లేదు. వాడెంత బతిమాలాడే!"

హెన్రికె వంగి, పెట్టెకు పెదవులు ఆనించింది.

"ఇకనుంచి మీ యజమాని... హెన్రికె త్సైడ్లర్."

వాల్‌బుర్గా పెరటి గోడ అవతలి సమాధుల వైపు చూసి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"కాస్త గట్టిగా చెప్పవే," అంది. "వాడికి వినపడాలి."