అమ్మమ్మ తలుపు పిడి

మెట్ల దగ్గర డెస్పినా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. అలెగ్జాండ్రియాలో అమ్మమ్మ పుట్టిన మేడ ఇంత కంపు కొడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"మూడో అంతస్తు. పడగ్గది తలుపుకి ఇత్తడి పిడి ఉండాలి," అంది వాచ్‌మన్ సబ్రీతో. "దానికో సొట్ట. చిన్నప్పుడు మా అమ్మమ్మ తన చెల్లెలి మీద కోపంతో ఇస్త్రీపెట్టె విసిరిందట. ఉందా, అమ్ముకు తిన్నారా?"

అమ్మమ్మకి తొంభై మూడేళ్ళు. చూపు పోయింది. ఏథెన్స్‌లో మంచం మీద ఉంది. చచ్చేలోగా ఆ సొట్టలో ఒక్కసారి బొటనవేలు పెట్టి చూసుకుంటానని ఒకటే పోరు. డెస్పినా ఎక్కాల్సిన ఓడ సాయంత్రమే బయల్దేరుతుంది.

"ఉండకేం దొరసానమ్మా! ఒక్క క్షణం. మేడమ్ నగ్వా తలమీద గుడ్డ వేసుకుందో లేదో చూసొస్తా," అని సబ్రీ గబగబా పైకెక్కాడు.

కాసేపటికి పైనుంచి ఠంగుమని ఒక దెబ్బ వినిపించింది. వెల్లుల్లి దంచుతున్నారు కాబోలు. ఈ జనానికి పొద్దస్తమానం తిండి యావే, అనుకుంది డెస్పినా.

సబ్రీ పిలిచాక ఎక్కి చూస్తే పైన ఇంకా ఘోరం. పియానో ఉండాల్సిన చోట ఫ్రిజ్. నగిషీల బాల్కనీకి అడ్డంగా అద్దాలు. దండెం మీద బనీన్లు.

"ఈ బాల్కనీలో మావాళ్ళు మల్లెతీగ పెంచేవారు," అంది, అమ్మమ్మ ఒళ్ళో నేర్చిన అరబీలో. "మీరేం పెంచుతున్నారు?"

"మా ఆయన పొట్ట," అంది నగ్వా, కాఫీ కప్పు అందిస్తూ. "రోజూ మధ్యాహ్నం అక్కడే పడుకుంటాడు. అయినా నీ అరబీ ఏమిటే అమ్మాయీ, మా నాయనమ్మ కాలం సినిమాలా ఉంది!"

డెస్పినా కాఫీ ముట్టుకోలేదు. నేరుగా పడగ్గది తలుపు దగ్గరికి నడిచింది.

పిడి ఉంది. సొట్టా ఉంది. బొటనవేలు పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది. కళ్ళు చెమర్చాయి. వీళ్ళ ముందు ఏడవడమేమిటని గోడవైపు తిరిగింది.

"విప్పి ఇచ్చెయ్యండి. దీని విలువ మీకేం తెలుసు?"

"మాకేం తెలుసు తల్లీ," అంది నగ్వా. "తలుపు తెరుచుకుంటే చాలు మాకు."

సబ్రీ స్క్రూడ్రైవర్ పెట్టగానే పిడి ఇట్టే ఊడొచ్చింది. ఒళ్ళంతా మసిబారినా, సొట్టలో మాత్రం ఇత్తడి తళతళా మెరుస్తోంది. ఇన్నేళ్ళలో ఈ సొట్టనైనా ఒక్కసారి తోమారన్నమాట!

ముష్టి వేసినట్టు సాసరు కింద నోట్లు దోపి, పిడిని పట్టు స్కార్ఫ్‌లో చుట్టుకుని, డెస్పినా సబ్రీ వెంట కిందికి దిగింది.

వీధి గుమ్మంలో చేతికర్రతో ఒక ఇటలీ ముసలాయన ఎదురుచూస్తున్నాడు. సబ్రీని చూడగానే వచ్చీరాని అరబీలో మొదలుపెట్టాడు.

"మూడో అంతస్తు. మా నాన్న అక్కడే పుట్టాడు. పడగ్గది తలుపు పిడికి రెండు సొట్టలుండాలి. ఉన్నాయా?"

"ఉండకేం దొరగారూ! ఒక్క క్షణం. మేడమ్ తలమీద గుడ్డ వేసుకుందో లేదో చూసొస్తా."

డెస్పినా గుమ్మంలోనే ఆగిపోయింది.

కాసేపటికి పైనుంచి ఠంగు, ఠంగుమని రెండు దెబ్బలు వినిపించాయి.