వినకుండా వెళ్ళిపోయిన మనిషి

"రేపు పిల్లల కోర్టులో నా కొడుకు లెమ్..." అంటూ ఎర్లీన్ మొదలుపెట్టిందో లేదో, పక్కన ఆకుకూర కడుగుతున్న పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సిస్టర్. ఆ సంగతి నా దగ్గర ఎత్తొద్దు."

ఎర్లీన్ బిత్తరపోయింది. మిసిసిపీ నుంచి ఈ ఉత్తరాది ఊరికి వచ్చి రెండు నెలలే. ఆవిడెవరో తెలియదు. నల్లవాళ్ళ చర్చి, చర్చి వంటగది, అంతా మనవాళ్ళే కదా అనుకుంది.

"పద్నాలుగేళ్ళ పసివాడమ్మా! వాడి తప్పేం..."

"ఇంకెవరికైనా చెప్పుకో తల్లీ. నాకు మాత్రం వద్దు."

తడి చేతులైనా తుడుచుకోకుండా ఆవిడ బయటికి వెళ్ళిపోయింది.

ఎర్లీన్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో పై వాటాలో ఉండే వెల్మ మొక్కజొన్న రొట్టెల పళ్ళెంతో వచ్చింది.

"ఏమైందే?"

"ఎవరో మహాతల్లి అక్కా. రాతి గుండె. నా గోడు వినడానికి కూడా ఆవిడకి గర్వం అడ్డొచ్చింది!"

"గర్వం ఉన్నవాళ్ళు చర్చిలో ముందు వరసలో కూర్చుని టోపీ సర్దుకుంటారే, ఇక్కడ గిన్నెలు తోమరు. రేపటికి దిగులుపడకు. మీవాడి కేసు పడ్డ ఒకటో గది జడ్జి పిల్లల్ని మాట్లాడనిస్తారట."

"జడ్జీలా? మిసిసిపీలో మా అన్నని తలెత్తి చూడకుండానే, ఖైదీలు చాకిరీ చేసే జైలు పొలానికి పంపాడు తెల్ల జడ్జి. శవం కూడా రాలేదక్కా."

వెల్మ ఒక రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు ఎర్లీన్ సంచిలో రెండు స్వెట్టర్లు, ఉన్న మేజోళ్ళన్నీ కుక్కింది. వాణ్ణి జైలుకి పంపించేస్తే అక్కడ చలికి ఎవరు చూస్తారు?

కొట్టు అద్దం పగలగొట్టినవాళ్ళు పారిపోయారు. పారిపోనివాడు దొరికాడు. అదీ లెమ్ కేసు.

కోర్టు వసారాలో ప్లీడరు గెయిన్స్ అడిగాడు. "ఈ కేసు గురించి జడ్జితో ఎక్కడైనా మాట్లాడారా? బజార్లో గానీ, చర్చిలో గానీ?"

"జడ్జీలు నాకెక్కడ తగులుతారు బాబూ!"

"బతికించారు. విచారణకి ముందు కేసు సంగతులు బయట చెవిన పడితే ఈ జడ్జి కేసే వదిలేసుకుంటారు. అప్పుడు రెండో గదికి పోతుంది. అక్కడి జడ్జి అయితే ఇరవై ఒకటి నిండేదాకా పిల్లల జైలే."

జడ్జి పిల్లవాడితో విడిగా మాట్లాడతారని చెప్పి లెమ్‌ని లోపలికి తీసుకెళ్ళాడు.

ఎర్లీన్ బల్ల మీద కూర్చుంది. అరుపులు వినపడలేదు. దానికే ఇంకా భయం వేసింది. అన్న గుర్తొచ్చాడు. సంచిని గట్టిగా పొట్టకు అదుముకుంది.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది.

"అమ్మా, ఇంటికెళ్దాం."

ఎర్లీన్ వాడి ముఖం, భుజాలు, చేతులు తడిమి చూసింది.

"కొట్టారా?"

"లేదే. మొత్తం చెప్పనిచ్చారు. నేను ఏడిస్తే ఆగారు కూడా. జడ్జి మనవాళ్ళేనమ్మా, ఆడావిడ! ఈ ఊరి కోర్టుకి మొదటి నల్లావిడట."

"నోర్ముయ్. నాతోనా ఎగతాళి?"

అయినా కాళ్ళు ఆగలేదు. "బాబూ, ఒక్కసారి ఆ తల్లి చెయ్యి పట్టుకుని దండం పెట్టుకోనీ."

గెయిన్స్ తల అడ్డంగా ఊపాడు. "తర్వాతి కేసు పిలిచేశారమ్మా."

మూసుకుంటున్న తలుపు సందులోంచి ఎర్లీన్ తొంగి చూసింది. జడ్జి కుర్చీలో నల్ల గౌను వేసుకుని, ఇంకో పిల్లవాడు చెప్పేది వినడానికి ముందుకు వంగి కూర్చుని ఉంది, నిన్న తన మాట ఒక్కటీ విననన్న పెద్దావిడ.