తొంభై అడుగులు

ఆఖరి రీలులో తొంభై అడుగుల ఫిల్మును ఎవరో కత్తిరించి ఎత్తుకుపోయారు.

ఆ సంగతి శనివారం పొద్దున, ప్రొద్దుటూరు సినిమా హాల్లో రీళ్లు సరిచూసేందుకు వేసిన ఆటలో బయటపడింది. పదింటికి పిల్లల ఆట. జమ్మలమడుగు నుంచి రెండు బస్సులు, పులివెందుల నుంచి ఒకటి అప్పటికే బయలుదేరాయి. మూడింటి నిండా అయిదేళ్లు, ఆరేళ్ల పిల్లలు.

ప్రొద్దుటూరు బాలికల బడి హెడ్మిస్ట్రెస్ నిర్మలమ్మ కుర్చీలోంచి లేచింది. ఈ సినిమా పసిపిల్లలకు తగినదేనని కాగితం మీద సంతకం పెట్టింది ఆమే.

అది మనుషులు లేని సినిమా. రంగుల బొమ్మలే నడుస్తాయి, ఏడుస్తాయి, పాడతాయి. రాక్షసి శాపానికి తల్లి చచ్చిపోతుంది. చిన్నారి కూతురు అడవులు దాటి నీళ్లు తెస్తుంది. తల్లి మీద చల్లి, "లెయ్యమ్మా" అని మూడుసార్లు పిలుస్తుంది. తల్లి కళ్లు తెరిచి కూతుర్ని ఒళ్లోకి తీసుకుంటుంది.

ఇప్పుడు తల్లి లేచే ఆ ముక్క లేదు. కూతురు మూడుసార్లు పిలుస్తుంది. తెర తెల్లబడుతుంది. అంతే.

"ఇట్లా చూపిస్తే పిల్లోళ్లు ఇండ్లకు ఏడ్చుకుంటా పోతారు. ఆ ముక్క దొరక్కపోతే బస్సులను వచ్చిన దారినే పంపిస్తా," అంది నిర్మలమ్మ. తర్వాత పక్కకు తిరిగింది. "ఆదినారాయణ గారూ, ఇది మీ పనేనా?"

ఆదినారాయణ హైస్కూలు మాస్టరు. సినిమాను పరీక్షించిన ఇద్దరిలో రెండోవాడు. సోమవారం నాడు ఆయన ఒకటే పట్టు పట్టాడు. రాక్షసిని చూసి పిల్లలు జడుసుకుంటారని, ఈ బొమ్మ వద్దేవద్దని.

"నేనా? కత్తిరిస్తే ఆ కోరల ముండను కత్తిరిస్తా గానీ, తల్లి లేసేదాన్ని కత్తిరిస్తానా? నాకు మతి పోయిందనుకుంటిరా అమ్మా?"

అదీ నిజమే.

సోమవారం ఆయన నోరు మూయించింది ఆపరేటర్ దస్తగిరి కూతురు మైమూన్. అయిదేళ్ల పిల్ల. మిషన్ గదిలో తండ్రి పక్కన కూర్చుని ఉంటే నిర్మలమ్మే కిందికి పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"పిల్లోళ్ల సినిమాను మనం చూస్తే ఏం తెలుస్తాది మాస్టారూ? ఈ పాప మొగం చూడండి, చాలు."

ఇద్దరూ తెర వదిలి ఆ మొహమే చూశారు. రాక్షసి వచ్చినప్పుడు పిల్ల కళ్లు మూసుకోలేదు. తల్లి చచ్చిపోయినప్పుడు ఊపిరి బిగబట్టింది. తల్లి లేచినప్పుడు చప్పట్లు కొట్టింది.

"భయం కాలేదా పాపా?" అని మాస్టరు అడిగాడు.

"ఊహూ. మళ్లా లేస్తాది గదా!"

నిర్మలమ్మ అక్కడికక్కడే సంతకం పెట్టింది.

హాలు యజమాని హుమాయున్‌ది జమ్మలమడుగు. శనివారం మాత్రమే ప్రొద్దుటూరు వస్తాడు. ఆ పొద్దున వస్తూనే ఇది విని మండిపడ్డాడు.

"ఏమప్పా దస్తగిరీ! ముక్కలు చేసి పిల్లకాయలకు అమ్ముకున్యావా?"

ఫిల్ము ముక్కను ఎండకు పెట్టి, నీళ్లు నింపిన బల్బు గుండా గోడ మీద బొమ్మ చూసే పిల్లలు ఆ వీధిలో చాలామంది ఉన్నారు.

దస్తగిరి గడ్డం మాసి ఉంది. కళ్లు నేల మీద ఉన్నాయి.

"ఫిల్మే కాదు టీచరమ్మా, గ్లాసులూ పోతాండాయి! ఈ వారంలో మూడు గ్లాసులు లేవని సోడా అంగడాయప్ప నా మింద పడినాడు. ఇది హాలా, దొంగల సంతా?" హుమాయున్ మళ్లీ దస్తగిరి వైపు తిరిగాడు. "పెండ్లాం ఆస్పత్రిలో ఉండాదంటే పాపం అని, పిల్లను ఈడనే పెట్టుకోమంటి. దానికి ఇదేనా నువ్వు చేసే మర్యాద? పోలీసోళ్లు వస్తే చెప్తావులే!"

అప్పుడు మిషన్ గది మెట్లు దిగి మైమూన్ వచ్చింది. పొద్దుటి ఆట పైనుంచి చూసినట్టుంది. నేరుగా నిర్మలమ్మ దగ్గరికి వచ్చి చీర కుచ్చిళ్లు పట్టుకుంది. ఆ చిన్న చేతులకు, గౌను అంచుకు ఎర్రమన్ను అంటి ఉంది.

"టీచరమ్మా, ఈ పొద్దు ఆయమ్మ లేయలేదేంటికి?"

నిర్మలమ్మ వంగి పిల్ల చేతుల మన్ను దులిపింది.

పిల్ల కొంచెంసేపు ఆలోచించింది.

"నీళ్లు సాలలేదేమో," అని తనే చెప్పుకుంది.

మూలన ఉన్న తాగునీళ్ల కుండ దగ్గరికి పోయింది. గ్లాసు ముట్టలేదు. పక్కనున్న ఇత్తడి చెంబు తీసి అంచుదాకా ముంచింది. రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక తలుపు గుండా బయటికి పోయింది.

"అదిగో, చెంబు గూడా పాయె!" అన్నాడు హుమాయున్.

దస్తగిరి ఉన్నచోటనే కూలబడ్డాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆదినారాయణ మాస్టరు వంగి అతని భుజం పట్టుకున్నాడు.

"నేనే కత్తిరించినా టీచరమ్మా. పొయ్యిలో ఏసి కాల్చినా. లేసేది ఒగటి లేకుంటే సాలనుకుంటి, నా బిడ్డకు తెలిసొస్తాదనుకుంటి. నా పెండ్లాం ఖమర్‌బీని హాలు ఎనక గోరీల్లో మట్టి చేసి నేటికి ఏడు దినాలు. ఎవరికీ చెప్పేదానికి నాకు నోరు రాలే. సోమారం మీ ఒళ్లో కూసోని చూసినకాన్నుంచి నా బిడ్డ దినామూ నీళ్లు ఎత్తకపోయి ఆ గోరీ మింద సల్లి, 'అమ్మీ, లెయ్' అని మూడుసార్లు పిలిచి, లేసేదాకా ఆడనే కూసుంటాంది."