ఎర్ర గీతలు

"ఈ వార్త రాసిందెవరు బాబూ?"

సబ్ ఎడిటర్ తలెత్తాడు. బల్లకు అవతల ఎవరో పెద్దాయన. చేతిలో ఆ రోజు పేపరు. మొదటి పేజీలో మూడు వాక్యాల కింద ఎర్ర పెన్సిలు గీతలు.

అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి మూడు రోజులైంది. ఆఫీసులో ఎవరికీ ఊపిరి సలపడం లేదు. సరిగ్గా ఇలాంటప్పుడే ఇలాంటివాళ్లు దిగబడతారు.

"మా విలేకరి రాశాడు. ఏం, తప్పులున్నాయా?"

"ఒక్కటి కూడా లేదు. అదే నా భయం."

పక్క బల్లవాళ్లు కిసుక్కున నవ్వారు.

పెద్దాయన పట్టించుకోలేదు. పేపరు బల్లమీద పరిచాడు.

"ప్లాంటు వాళ్లు మాట్లాడితే 'స్పష్టం చేశారు' అని వేశారు. పాలమ్మే ఆవిడ కళ్లు మండుతున్నాయంటే 'ఆరోపించారు' అని వేశారు. ఆవిడ కళ్ల సంగతి ఆవిడకి తెలీదా బాబూ? అదీ అట్టడుగున, ఒకే ఒక్క వాక్యం."

"పెద్దాయనా, ఉత్తరం రాసివ్వండి. పాఠకుల లేఖల్లో చూద్దాం."

వదిలించుకోవడానికి ఆ ఆఫీసులో అందరూ అనే మాటే అది.

విలేకరి రాశాడన్నది అబద్ధం. రోజూ నాలుగింటికల్లా ప్లాంటు నుంచి ప్రెస్ నోటు వచ్చేది. చక్కటి భాష, ఒక్క అక్షరం దిద్దే పని లేదు. పైన శీర్షిక, అడుగున ఊళ్లోవాళ్ల మాట ఒకటి పెట్టి తనే మొదటి పేజీకి పంపేసేవాడు. పాఠకుల ఉత్తరాలు మాత్రం సొరుగులో పడి వారానికోసారి వెలుగు చూసేవి. ఈ హడావుడిలో అదీ లేదు.

మర్నాడు పెద్దాయన మళ్లీ ప్రత్యక్షం. ఈసారి అయిదు గీతలు.

"అదిగో, ఎర్ర పెన్సిలు వచ్చాడు!" అన్నారెవరో.

"ఒక్కటే అడుగుతాను బాబూ. గాలిలో రేడియేషన్ పరిమితికి లోబడే ఉందని వేశారు. ఎవరు కొలిచారు? ఎన్ని గంటలకి? ఎంత వచ్చింది?"

అవేవీ ప్రెస్ నోటులో లేవు. తెలియనిది అడిగితే మనిషికి కోపం వస్తుంది కదా, సబ్ ఎడిటర్‌కీ వచ్చింది.

"ప్లాంటు మీద మీకెందుకండీ అంత కసి? ఉద్యోగం ఊడబీకారా?"

పెద్దాయన ముఖం పాలిపోయింది.

"కసి వాళ్లమీద కాదు బాబూ" అన్నాడు. సంచీలోంచి కవరు తీసి బల్లమీద పెట్టాడు. "నోటితో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఇది మాత్రం ఇవాళే విప్పండి. మీకు పుణ్యముంటుంది."

అంతలో ఫోను మోగింది. సబ్ ఎడిటర్ ఒక చేత్తో ఫోను తీశాడు, ఇంకో చేత్తో కవరును సొరుగులోకి తోశాడు. పైన పంపినవారి పేరుంది. దాన్నీ సరిగా చూడలేదు.

ఫోనులో అక్క. ప్లాంటుకు కూతవేటు దూరంలో ఆమె కాపురం. ఆరేళ్ల కూతురు.

"ఒరే తమ్ముడూ, చిన్నదాన్ని తీసుకుని వచ్చేయనా? ఇక్కడ తలో మాటా అంటున్నారు."

"ఎవరో ఏదో అన్నారని ఇల్లొదిలేసి వస్తావా? పేపరు చూడలేదూ?"

"చూశాను. నువ్వు వేసిందే కదా అనే ధైర్యంగా ఉన్నాను."

"మరింకేం? చాదస్తం మాని హాయిగా ఉండు."

ఫోను పెట్టేసరికి పెద్దాయన లేడు. మర్నాడూ రాలేదు. పీడా పోయిందనుకున్నాడు సబ్ ఎడిటర్.

ప్రమాదం జరిగిన తొమ్మిదో రోజున ప్రెస్ నోటులో రెండే రెండు వాక్యాలున్నాయి. ప్లాంటు చుట్టుపక్కల జనమంతా తక్షణం ఇళ్లు ఖాళీ చేయాలి. వెంట ఏమీ తీసుకురాకూడదు.

ఆ తర్వాత మూడు రోజులకు అక్క కనిపించింది. ఆస్పత్రి వరండాలో, గోడకు చేరగిలబడి. లోపల పాపకు పరీక్షలు చేస్తున్నారు.

"డాక్టర్లేమన్నారక్కా?"

"ఇప్పుడేమీ చెప్పలేమన్నారు. ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలట."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"అయిదో రోజున ఎవరో పెద్దాయన వచ్చాడ్రా" అంది. "వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరిగాడు. పిల్లల్ని తీసుకుని వెళ్లిపొండమ్మా, పేపరు నమ్మకండమ్మా అని బతిమాలాడు. కొందరు వెళ్లారు కూడా. నేనే... మా తమ్ముడు పేపర్లోనే పనిచేస్తాడు, నాకు తెలీదా అని మొహంమీదే తలుపేశాను."



"ఎలా ఉంటాడక్కా?"

"బక్కగా. జేబులో ఎర్ర పెన్సిలు. అలా తడిసి జ్వరం ముదిరి, నిన్న ఈ ఆస్పత్రిలోనే పోయాడట. నాలుగు రోజులు ఆగకుండా తిరిగాడటరా. ఆయనకెందుకో అంత తాపత్రయం!"

అక్క ముఖంలోకి చూడలేక ఆఫీసుకు పరిగెత్తాడు.

సొరుగు లాగాడు. కవరు చించితే రంగు మారిన టైపు కాగితాలు నాలుగు.

'ప్రమాదం సంభవిస్తే పత్రికలకు ఇవ్వవలసిన ప్రకటనలు.'

మొదటి రోజుకు ఒకటి, రెండో రోజుకు ఒకటి, అలా ఎనిమిదో రోజు దాకా. తేదీలు రాయాల్సిన చోట ఖాళీలు. గాలిలో రేడియేషన్ పరిమితికి లోబడే ఉంది. ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు. తను మొదటి పేజీలో వేసిన వాక్యాలే, పొల్లు పోకుండా. ప్రతిదాని కిందా ఎర్ర గీత.

ప్లాంటు ప్రచార విభాగం ముద్ర పక్కన పదమూడేళ్ల కిందటి తేదీ ఉంది.

దాని దిగువన, వాటిని రాసిన అధికారిగా, కవరు మీది పేరే ఉంది. ఆ పేరు కిందా ఎర్ర గీత గీసి ఉంది.