ఇటు చూడవే

“చెప్పు. చెవులు పనిచేస్తున్నాయి” అంది చెల్లెలు, కిటికీ వైపు చూస్తూ.

అక్కకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ స్కూల్లో సైన్సు టీచరు. కంటి లోపలి పొర రెటీనా నడుమ శంకువులనే కణాలు, చుట్టూరా దండాలనే కణాలు. రంగులు, మొహాలు శంకువుల వంతు, మసక వెలుతురు దండాల వంతు అని ముప్పై ఏళ్లుగా చెప్పిన పాఠమే చెబుతోంది. పిల్లలు ‘దండాల టీచర్’ అని పేరు కూడా పెట్టారు. అయినా ఆవిడ ముందు నిలబడి దిక్కులు చూసే ధైర్యం ఏ ఒక్కడికీ లేదు. సొంత చెల్లెలు మాత్రం ఆర్నెల్లుగా మొహం తిప్పుకునే మాట్లాడుతోంది.

“మిషన్ మీద గుడ్డ కప్పావేం? కుట్టుపని మానేశావా?”

“మానేశాను.” ఈసారి చూపు ఫ్యాను స్విచ్చి మీద. “నువ్వు చిక్కిపోయావు.”

“నన్ను చూస్తే కదా తెలిసేది” అంది అక్క ఎత్తిపొడుపుగా.

అమ్మ పోయి రెండేళ్లు. చెల్లెలికి కబురు అందేసరికి అంతా అయిపోయింది. కడచూపు దక్కలేదు. ఫోన్ కలవలేదని అక్క చెబితే అప్పట్లో నమ్మింది. ఇప్పుడెవరో చెవిలో ఊదినట్టున్నారు. లేకపోతే ఈ పక్కచూపులేమిటి? అక్కకు నా అనే మనిషి ఈ చెల్లెలొక్కతే. ఇదీ దూరమైతే తలుపు తట్టడానికి ఇంకో గడప లేదు.

“నీకు తెలిసిపోయిందని నాకు తెలుసే” అంది చివరికి.

“ఏం తెలిసిపోయింది?”

“నాటకాలొద్దు. ఫోన్ కలవకపోవడం కాదు, నేనే చెయ్యలేదు. పదేళ్లు ఒళ్లు తుడిచి అన్నం తినిపించింది నేను. ఆఖరి రోజు అమ్మ నీ పేరే కలవరించింది. కడుపు మండిపోయింది నాకు. తప్పే. తిడతావో కొడతావో నీ ఇష్టం. కానీ ఇటు చూడవే, ఒక్కసారి నా మొహంలోకి చూసి తిట్టు.”

చెల్లెలు మెల్లగా తల తిప్పి అక్క కళ్లలోకి సూటిగా చూసింది. రెప్ప కూడా వెయ్యలేదు.

“సరే అక్కా. వెళ్లిరా” అంది.

అక్క భోరుమంది. రెండేళ్ల బరువు దిగిపోయినట్టయింది. సాగనంపడానికి మరిది, చెల్లెలి మొగుడు, మెట్లదాకా వచ్చాడు.

“చూశావా, ఇన్నాళ్లకు నా మొహం చూసింది” అంది కళ్లు తుడుచుకుంటూ.

మరిది తల దించుకున్నాడు.

“మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది వదినా. రెండు కళ్లలోనూ నడిమి చూపు పోయి ఆర్నెల్లయింది. అంచుల్లోనే కాస్త మిగిలింది. మనిషి కనబడాలంటే పక్కకు తిరిగి చూడాల్సిందే” అన్నాడు. “ఇక మొహం చూడకూడదు అనుకున్నవాళ్లనే అలా సూటిగా చూస్తుంది.”