మీటల చప్పుడు

“మళ్లీ దాని జోలికే పోయావా?”

తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లబోతున్న భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె ఉలిక్కిపడలేదు. అతని కొత్త ఫోన్‌ను తీసిన చోటే, బల్ల మీద పెట్టేసింది.

“పాస్‌వర్డ్ తప్పు పడింది,” అంది.

“ఇది రెండోసారి. మూడోసారీ తప్పితే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తెలుసుగా?”

“తెలుసు.”

“నీ వల్ల కాదులే!” అంటూ అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఫోన్‌ను మాత్రం బల్ల మీదే వదిలేశాడు. దాచుకుని ఉంటే ఆమెకు అంత ఒళ్లు మండేది కాదు.

అరచేతిలో ఇమిడిపోయే నల్లటి ఫోన్ అది. పైసగం తెర, కిందసగం వరసలుగా పేర్చిన చిన్న చిన్న మీటలు. ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ దానికి ఒకటే హారతులు.

“అదిరింది బావా! గాజు ఫోన్ మీద వేళ్లు జారిపోతాయి. ఇది నొక్కితే నొక్కినట్టు తెలుస్తోంది,” అన్నాడు ఆమె తమ్ముడు. పక్కవాటా టైలరమ్మ కుట్టుమిషన్ వదిలేసి వచ్చి మరీ దాంతో ఆడుకుంది. “ఎంత ముద్దుగా టిక్కుటిక్కుమంటోందో! ఎక్కడ దొరుకుతుంది? వద్దులెండి, మా ఆయనకు చెప్పకండి. ఇంత గట్టి తాళం ఆయన చేతికిస్తే ఇంకేమన్నా ఉందా?” అని పకపకా నవ్వింది. అత్తగారైతే కళ్లజోడు వెతుక్కోకుండానే చెల్లెలికి మెసేజ్ కొట్టి, ఊరు జయించినంత సంబరపడిపోయింది.

ఒక్కో మెచ్చుకోలుకీ భర్త ఒక్కో అంగుళం పెరుగుతూ వచ్చాడు.

“చూశావా? ఒక్కరైనా వంక పెట్టారా?” అన్నాడు స్నానం చేసి వచ్చాక.

“అందరూ మెచ్చుకున్నారని నన్ను కళ్లు మూసుకోమంటారా?”

“నిన్ను మూసుకోమంటే మాత్రం మూసుకుంటావా!”

మర్నాడు పొద్దున్నే అతని ప్రయాణం. ఆ ఫోన్ కూడా అతనితోపాటే వెళ్తుంది. ఈలోగా తాళం తీయాలి. ఆ తర్వాత నిజం బయటపడినా చేయగలిగిందేమీ ఉండదు. అతన్ని నమ్మాలనే ఆమెకూ ఉంది. కానీ చూడకుండా నమ్మడం ఆమెకు చేతకాదు.

వంటింట్లో అత్తగారు చిక్కుళ్లు వలుస్తోంది. ఆమె కూడా వెళ్లి పక్కన కూర్చుంది.

“ఇంట్లో కూడా ఇదే గొడవేంటే అమ్మాయ్? వాడి మీద ఆ మాత్రం నమ్మకం లేదా?”

“మనిషి మీద ఉంది అత్తయ్యా. ఫోన్ మీదే లేదు.”

“ఏమోనమ్మా, నాకు మాత్రం భలే నచ్చింది. వాడు తెరిచినప్పుడల్లా ఒకటే దరువు. ఇక్కడ కూర్చునే చెప్పేస్తా, ఫోన్ తీశాడని.” అత్తగారు వేలి కణుపుతో స్టీలు పళ్లెం అంచు మీద కొట్టి చూపించింది. టిక్... టకటక... టిక్, టక్, టిక్.

ఆమె చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

“అత్తయ్యా, ఇంకోసారి కొట్టండి.”

సాయంత్రం కాఫీ ఇస్తూ, బల్ల మీది పేపరు కింద తన పాత ఫోన్‌ను పెట్టింది. అందులో రికార్డింగ్ నడుస్తోంది. భర్త ఒక గుక్క తాగి, అలవాటుగా తాళం తీసి మెసేజ్‌లు చూసుకున్నాడు. కప్పు ఖాళీ చేసి, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లాడు. ఎప్పటిలాగే ఫోన్ బల్ల మీదే ఉంది.

ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. రికార్డయిన చప్పుడు ఒకటి వినడం, ఒక మీట నొక్కడం, చెరిపేయడం, ఇంకో మీట నొక్కడం. చివర్న ‘సరే’ అనే మీట నొక్కితేనే తప్పు లెక్కలోకి వస్తుంది. చూడటానికి అన్నీ కవలపిల్లల్లా ఉన్నాయి కానీ దేని గొంతు దానిదే. అంచున ఉన్నవి గలగలమంటున్నాయి, మధ్యవి కాస్త బొంగురు. రెండు మీటల దగ్గర చాలాసేపు తికమకపడి, మళ్లీ మళ్లీ విని, చివరికి తేల్చుకుంది.

ఆరు మీటలూ వరసగా నొక్కింది. బొటనవేలు ‘సరే’ మీద ఆగింది. తెరుచుకోకూడదని ఆ క్షణంలో ఎంతగా కోరుకుందో ఆమెకే తెలుసు. అయినా నొక్కింది.

తెరుచుకుంది.

ఆమె మెసేజ్‌లు చదవలేదు, ఫొటోలు చూడలేదు. వెలుగుతున్న ఫోన్‌ను తిన్నగా తీసుకెళ్లి భర్త ముందు పెట్టింది. అతని చేతిలోని చొక్కా జారి పెట్టెలో పడింది.

“ఎలా?”

“చప్పుడుని బట్టి. అందరూ ముచ్చటపడ్డ ఆ చప్పుడే మిమ్మల్ని పట్టించింది.”

అతను మంచం అంచున కూలబడ్డాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“రెండు రోజులు ఆగి చెప్పకూడదూ?” అన్నాడు నీరసంగా.

“ఆగితే తర్వాత మీకు నా మొహం ఎలా చూపించను?”

అతను లేచి, సర్దిన బట్టలు ఒక్కొక్కటే పెట్టెలోంచి బయటికి తీయసాగాడు.

“ప్రయాణం మానేస్తున్నారా?”

“మానకేం చేస్తాను? మళ్లీ మొదట్నుంచి మొదలుపెడదాం. ఈసారి కూడా ఇలాగే పట్టుకో.”

ఆమె కళ్లు తుడుచుకుని, అతని చేతిలోని చొక్కా అందుకుని హేంగరుకు తగిలించింది.

మర్నాడు ఫ్యాక్టరీకి చేరాల్సిన, ఇంకా మార్కెట్లోకి రాని ఆ ఫోన్‌కు తాళం చేయడం అతని ఉద్యోగం, దాన్ని తీయడం ఆమెది.